గనియు నోట్‌బుక్కుల అవ్వల పేర్లు

సెప్టెంబర్ 12, శుక్రవారం

మహాజనులారా, పండితులారా, నా పెట్టెలకెళ్లి ఈ డైరీని దొంగతనంగ తీసి చదువుతున్న హన్మాండ్లన్నా, అందరికీ ముందే సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్న. ఈ పుస్తకంల రాబోయే సకల అపరాధాలకు నాదే పూచీ. ఖర్జూరాల కంపెనీ ఉచితంగ పంచిన పోయినేడాది డైరీల ఈ ఏడాది బతుకు రాస్తున్నందుకు క్షమించాలె. తారీఖులు కుదురుతున్నయ్, వారాలు కుదురుతలేవు, కొట్టేసి రాస్తున్న. బి.కాం. చదివి, అందుల కంప్యూటర్స్ కూడా చదివి, సౌదీల ఈ హుఫూఫ్ ఎడారిల టైమ్‌కీపర్‌గ కూసుని నలభై మంది వచ్చిండ్రా రాలేదా అని టిక్కులు పెడుతున్నందుకు నా గురువులు క్షమించాలె. ఒత్తులు తప్పినందుకు తెలుగు తల్లి క్షమించాలె. అబద్ధాలు కూడా ఉంటయ్. వాటికి క్షమాపణ అక్కర్లేదు, అవి నా స్వార్జితం.

ఇంత ఘనంగ మొదలుపెట్టినంక రాయడానికి ఏమున్నదా అని చూస్తే ఏమీ లేదు. సెలవు రోజు. బట్టలు పిండిన. భూమేషన్న పప్పు చేసిండు. హన్మాండ్లన్న అందుల ఉప్పు లేదని తీర్పు చెప్పి, ఆ తీర్పు ఖాయం చేసుకోవడానికి మళ్ల రెండు గంటెలు వడ్డించుకున్నడు. పద్నాలుగో నంబరు రూముల మేం ముగ్గురం. ముగ్గురం జగిత్యాల దిక్కువాళ్లమే. ఇద్దరూ నాకంటే ఇరవై ఏండ్లు పెద్ద. అంటే నాకిక్కడ ఇద్దరు తండ్రులు, ఒక్క ఫ్యాను.

సాయంత్రం గనియు వచ్చిండు. నైజీరియా మనిషి, ఇలోరిన్ అనే ఊరు, ఇంట్ల మాట్లాడేది యోరుబా. మా కంపెనీది రోడ్డు దీపాల మరమ్మతు; స్తంభాలెక్కే ఎలక్ట్రీషియన్లల్ల అందరికంటే పెద్దోడు ఈయనే, యాభై ఒకటి. వచ్చి రెండేండ్లయింది. అరబ్బీల నమాజు వస్తది గని బేరమాడ రాదు. ఉర్దూ అసలే రాదు. క్యాంపుల ఆయన ఇంగ్లీషు అర్థం చేసుకునేది నేనొక్కన్నే. మిగతావాళ్లకు అది కూడా యోరుబానే.

పగలంత దీపం బిగించి, సాయంత్రం కూసుని ‘దీపం’ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందని ఆలోచించే మనిషిని నేను ఈయన్నే చూసిన. దూరవిద్యల డిగ్రీ చేస్తున్నడు. ఆఖరి వ్యాసం ఒక్కటే మిగిలింది: ఆత్మలకూ వెలుగుకూ యోరుబా మాటలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు. నవంబరుల ఇచ్చేస్తే జనవరి నుంచి వాళ్ల ఊరి బడిల పంతులు ఉద్యోగం. మోకాళ్లు ఇంక స్తంభాలు ఎక్కుతమంటలేవట. అందుకని నా దగ్గరికొచ్చిండు. వేరే దేశాలోళ్లు వెలుగుని, ప్రాణాన్ని ఏమంటరో చివరి అధ్యాయంల పెట్టాలె, క్యాంపుల తెలుగోళ్లు పద్దెనిమిది మంది ఉన్నరు గదా, అడిగి పెడతవా అన్నడు. ఒక ఫారం ఇచ్చిండు. పేరు, ఊరు, మాట, ఆఖరి గడిల తల్లి పేరు.

తల్లి పేరెందుకు సార్ అన్న.

“మాట పాలతోని వస్తది. పాలు ఎవరివో రాయకపోతే దొంగతనం గదా.”

చేస్తనన్న. ఇట్లాంటి మనిషికి లేదనడానికి కూడా ఓపిక కావాలె.

సెప్టెంబర్ 15, సోమవారం

నలభై ఆరు డిగ్రీలు. ఇద్దరికి వడదెబ్బ. నాకు టిక్కుదెబ్బ.

సెప్టెంబర్ 17, బుధవారం

డ్యూటీ అయినంక గనియు రూముకు పోయిన. ఆయన చాయ్‌ల పాలుండయ్, చక్కెరుండది, ఉత్త అల్లం. తాగితే చెవులల్లకెళ్లి ఆవిరి వస్తది. నోట్‌బుక్కు తెరిచిండు. యోరుబా రాత ఇంగ్లీషు అక్షరాలే, కని కొన్నిటి కింద చుక్కలు, కొన్నిటి మీద గీతలు. నోరు ఎంత తెరవాలెనో చుక్క చెప్తదట. గొంతు పైకి పోవాల్నా కిందికి రావాల్నా అని గీత చెప్తదట.

వెలుగంటే ఇమొలె. నేల తేటపడుడు అనే దాంట్లకెళ్లి పుట్టిందట. తెల్లారింది అనడానికి కూడా వాళ్లు నేల తేటపడ్డది అంటరట. మనకు మీద తెలుపు కనవడితే తెల్లారుతది, వాళ్లకు కాళ్ల కింద మన్ను కనవడితే. స్తంభం దిగేటోనికి అదే పనికొస్తది సార్ అన్న. నవ్విండు. నిప్పు, దీపం, కరెంటు మూడింటికీ ఒక్కటే మాట: ఇనా. పెద్ద మాట కావాలంటే కరెంటును మెరుపునిప్పు అంటరట. ఆ లెక్కన మేం నలభై మందిమి ఈ ఊరికి మెరుపునిప్పు పూజారులం. టైమ్‌కార్డుల మాత్రం హెల్పర్ అని ఉంటది.

ఇంక ఆత్మలు. ప్రాణం అంటే ఎమి. ఊపిరి తీసుకునుడు అనే మాటకు బిడ్డ. జిన్నులాంటిదాన్ని అలుజన్ను అంటరు. అది ఈ దేశపుదే, అరబ్బీ మాట, ఎన్నడో ఇసుక దాటి వాళ్ల ఊరికి పోయింది. ‘ఆ మాట నడిచి మా దగ్గరికొచ్చింది, నేను విమానమెక్కి దాని పుట్టింటికొచ్చిన’ అన్నడు. ఆది దేవతలకు పేరు ఇరున్‌మొలె. వెలుగు మాటా ఈ మాటా అక్కచెల్లెండ్ల లెక్క వినిపిస్తయ్. దేవతలంటే వెలుగే అని ఊరి పెద్దలు అంటరట. గనియు ఒప్పుకోడు. గొంతు ఎత్తు వేరట. రెండోదాంట్ల ఉన్నది నేలను ఎరిగినవాళ్లు అనే అర్థం కావచ్చు అంటడు. ఆ ‘కావచ్చు’ను ఎంత మర్యాదగ పలుకుతడో. మూడేండ్ల నుంచి దాని మీదనే కూసున్నడు. అవునని రాస్తే ఎవరడ్డమొస్తరు సార్ అంటే, తెల్వనిదాన్ని తెలిసినట్టు ఎట్ల రాస్త అన్నడు.

నేను ఊకుంటనా. మా తెలుగుల దైవం, దయ్యం రెండూ ఒక్క మాటనే, సంస్కృతంల దేవుడై బయలుదేరి మా ఊరు చేరేసరికి దయ్యమైందని చెప్పిన. ఇదొక్కటి తొమ్మిదో తరగతిల ప్రకృతి వికృతి పట్టికల సార్ కొట్టి నేర్పిండు. గనియు అద్దాలు తీసి తుడుచుకున్నడు. దారిల దానికి ఏమైంది అని అడిగిండు, మనిషి గురించి అడిగినట్టు. తెల్వదన్న. అది కూడా రాసుకున్నడు: తెల్వదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

శాస్త్రసేవ మొదలుపెట్టిన. శాస్త్రం కాళ్లు గుంజుతదని ఇయ్యాల తెలిసింది.

మొదలు హన్మాండ్లన్న. వెలుగుని మీ ఇంట్ల ఏమంటరన్నా అంటే కరెంటు అన్నడు. కరెంటు పోతే? పోయింది అంటం అన్నడు. ప్రాణాన్ని? పాణం. ఇంతవరకు బాగనే ఉన్నది. ఆఖరి గడి కోసం అవ్వ పేరు, కన్నతల్లి పేరు, చెప్పన్నా అంటే తింటున్న రొట్టె పక్కన పెట్టిండు.

“అవ్వ పేరు ఎందుకురా వానికి?”

చదువు కోసమని చెప్పిన. ఆయన నాకు వేరే చదువు చెప్పిండు. మనిషి మీద మంత్రం పట్టాల్నంటే రెండే కావాలట, ఆ మనిషి పేరు, అవ్వ పేరు. ఆ రెండు దొరికితే కాళ్లకింది మట్టితోని పని లేదు, ఎంటికలతోని పని లేదు. వాళ్ల ఊర్ల ఒకాయన పేరు, అవ్వ పేరు నిమ్మకాయ మీద రాసి సూదులు గుచ్చిండ్రట, ఏడొద్దులు లేవలేదట. పరాయి దేశంల ఎవ్వడడిగినా తండ్రి పేరు చెప్పాలె గని అవ్వ పేరు చెప్పొద్దని విమానం ఎక్కేటప్పుడు పెద్దోళ్లు చెప్పిండ్రట. భూమేషన్న మంచంల పండుకునే ఊఁ కొట్టిండు. పన్నెండో నంబరు రూముల కూడా ఇదే కథ, నిమ్మకాయ బదులు కోడిగుడ్డు.

ఇంక పదిహేను మంది, పదిహేను కథలు. నా మోకాళ్లు గనియు మోకాళ్లైనయ్. అప్పుడు విజ్ఞానం విజయం సాధించింది. నా ఆఫీసు డబ్బాల అందరి పాస్‌పోర్టు కాపీల ఫైలు ఉన్నది. మన పాస్‌పోర్టు ఆఖరి పేజీల తల్లి పేరు అచ్చై ఉంటది, భారత ప్రభుత్వం ముద్రతోని. ఏసీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, ఇరవై నిమిషాలల్ల పద్దెనిమిది మంది అవ్వలను ఫారంల కూసోబెట్టిన. వెలుగు, ఎల్గు, ఎల్తురు, దీపం, పాణం, జీవి అని మాటలు కూడా నేనే పంచిన, అందరికీ సమానంగ. ఫైలు బయటికి తీయొద్దని రూలున్నది. నేను తీయలేదు, తెరిచిన.

గనియు కాగితం చూసి సంబరపడ్డడు. అందరూ ఇష్టపడే చెప్పిండ్రా అని అడిగిండు. సంతోషంగ చెప్పిండ్రన్న. ఒక్కొక్క పేరు పలికి, గొంతు సరిచూసుకుని, నోట్‌బుక్కుల ఎక్కించుకున్నడు. చుక్కలతోని, గీతలతోని.

సెప్టెంబర్ 25, గురువారం

భూమేషన్నకు కడుపునొప్పి, మూడు రోజులనుంచి. నడుము కాడ మొదలై ముందుకొస్తదట. దవాఖానకు పోదామంటే వద్దంటడు. వచ్చే నెల ఇకామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువలు, ఏదన్న రోగం బయటపడితే ఇంటికి పంపుతరని భయం. సోడా తాగుతున్నడు. రోజంత స్తంభాల కాడ నిలవడుడు, నీళ్లు తాగితే దిగాల్సొస్తదని తాగకపోవుడు. నేను టిక్కు పెట్టిన: హాజర్.

సెప్టెంబర్ 28, ఆదివారం

గనియు భూమేషన్నను చూడొచ్చిండు, అల్లం నీళ్లు సీసాల పోసుకుని. మంచం పక్కన కింద కూసున్నడు. రెండు చేతులు చాపి దువా మొదలుపెట్టిండు. మొదలు అరబ్బీల, తర్వాత వాళ్ల మాటల. నేను గడప కాడ నిలవడి గంభీరంగ మొఖం పెట్టిన. నడుమ నడుమ ఒక్క ముక్క తెలిసిన లెక్క వినవడుతున్నది.

“భూమేష్, ఒమొ రాజవ్వ.”

ఒమొ అంటే బిడ్డ. వాళ్ల దిక్కు రోగి కోసం దేవున్ని అడిగేటప్పుడు తల్లి పేరు పట్టి అడుగుతరట. లేకపోతే ఆ మొర వేరే భూమేషుకు పోవచ్చు. పిన్‌కోడు లెక్క. ఇది గనియు నాకు తర్వాత చెప్పిండు. భూమేషన్నకు ముందుగాల ఎవరూ చెప్పలేదు. ఆయనకు వినవడ్డది ఒక్కటే: తెల్వని భాషల, తెల్వని మంత్రంల, పోయిన అవ్వ పేరు. నాలుగుసార్లు.

భూమేషన్న గోడకు జరిగిండు. నొప్పి మరిచిపోయిండు. గనియు ఆమెన్ అని మొఖం తుడుచుకుని, సీసా పెట్టి, నాకు సలాం చేసి పోయిండు.

“మా అవ్వ పేరు వానికి ఎవలు చెప్పిండ్రురా, సురేంద్రా?”

ప్రార్థన అన్నా, మన మంచికే అన్న. అడిగింది అది కాదు.

సెప్టెంబర్ 29, సోమవారం

భూమేషన్న రాత్రంత పడుకోలేదట. అల్లం నీళ్ల సీసా ఎవరో ఇసుకల పారేసిండ్రు.

సెప్టెంబర్ 30, మంగళవారం

గనియు పనిమీద ఉన్నప్పుడు హన్మాండ్లన్న ఇంకో ఇద్దరితోని పోయి నోట్‌బుక్కు పట్టుకొచ్చిండు. మెస్‌ల బల్ల మీద పరిచిండ్రు. ఎవరూ చెయ్యి పెడతలేరు, చెంచాతోని పేజీలు తిప్పుతున్నరు. పద్దెనిమిది పేర్లు. పక్కన పద్దెనిమిది అవ్వలు. అక్షరాల కింద చుక్కలు.

“చూడుండ్రి, సూదులు పొడిచిండు” అన్నడు హన్మాండ్లన్న.

అవి నోరు తెరిచే గుర్తులన్నా అని చెప్పిన. ఎవని నోరు అని అడిగిండ్రు.

తర్వాత అందరూ ఒకల్నొకలు అడుగుడు మొదలైంది. నువ్వు చెప్పినవా? నేను చెప్పలే. నువ్వు? నా అవ్వ మీద ఒట్టు, చెప్పలే. నిజమే, ఎవ్వరూ చెప్పలేదు. పద్దెనిమిది మంది సత్యవంతులు ఒక్క కాడ చేరుడు నా జన్మల చూడలేదు. నా దిక్కు చూసినప్పుడు గూగుల్ చెప్పిందేమో అన్న. ఎవ్వరూ నవ్వలేదు. నా పేరు, మా అవ్వ పేరు కూడా ఆ పేజీల ఉన్నయ్. దాంతోని నేను కూడా బాధితుల ఖాతాల పడ్డ. పడనిచ్చిన.

సరళక్క, భూమేషన్న భార్య, ఫోన్‌ల ఏడుస్తున్నది. ఆ నల్ల పుస్తకం ఉన్న క్యాంపుల అన్నం తినకుమని చెప్తున్నది. పుస్తకం నీలం రంగు. ఊరు చేరేవరకు నల్లగైంది.

అక్టోబర్ 1, బుధవారం

క్యాంపు బాస్ నవాజ్ భాయ్ పిలిచిండు. ముల్తాన్ మనిషి, మంచోడే, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటడు. తలుపు దగ్గరికేసి మాట్లాడిండు. ఈ దేశంల జాదూ అనే మాట నోట్లకెళ్లి రావద్దు, వచ్చి కంపెనీ పెద్ద మేనేజర్ ముదీర్ చెవుల పడితే అది కంపెనీ చేతుల ఉండది, పోలీసు, జైలు, ఆ తర్వాత ఏమైతదో ఎవరికీ తెల్వదు అన్నడు. ఎల్లుండి శుక్రవారం అందరినీ కూసోబెడతా. ఆ పేర్లు ఎట్ల వచ్చినయో ఒక్కటి తెలిస్తే చాలు, మామూలుగ వచ్చినయంటే అందరికీ చాయ్ తాపించి పంపిస్తా. తెల్వకపోతే ముదీర్ వినకముందే గనియును ఫైనల్ ఎగ్జిట్ మీద, వీసా కొట్టేసి, ఇంటికి పంపేస్తా, అదే నేను చేయగలిగిన మేలు. నువ్వు ఇంగ్లీషు నుంచి ఉర్దూల చెప్పాలె అన్నడు.

తప్పకుండ భాయ్ అన్న. ఆయన బల్ల వెనక గోడకు కాగితం ఉన్నది: సిబ్బంది పత్రాలు బయటపెట్టినవారు తక్షణం తొలగింపు. మూడు భాషలల్ల. నేనే టైపు చేసిన.

అక్టోబర్ 2, గురువారం

గనియు దగ్గరికి పోయిన. నోట్‌బుక్కు లేని బల్ల ముందు కూసున్నడు. ఆ పేర్లు అడిగి తెచ్చినవి కావని, పాస్‌పోర్టు ఫైలుల చూసి రాసినవని ఇయ్యాల చెప్పిన. సంతోషంగ చెప్పిండ్రన్నవ్ గదా అన్నడు, కోపం లేకుండ, లెక్క సరిచూసుకున్నట్టు.

రేపు నువ్వే చెప్పు అన్నడు. నీమీద వారం రోజులు కోపం చేస్తరు. నామీద కోపం కాదు, అది వేరే.

చెప్తనన్న. ఉద్యోగం పోతే పోతది అన్న కూడా. అన్నప్పుడు నిజంగనే అనిపించింది. పొద్దటిదాక అట్లనే ఉంటే బాగుండు.

అక్టోబర్ 3, శుక్రవారం

మీటింగ్ అయింది. తర్జుమా చేసిన.

అక్టోబర్ 4, శనివారం

నిన్న తలనొప్పి, అందుకే ఎక్కువ రాయలేదు.

మీటింగ్ పదిహేను నిమిషాలు. నవాజ్ భాయ్ అడిగిండు, గనియు చెప్పిండు, నేను తర్జుమా చేసిన. తర్జుమా మహా కష్టమైన విద్య. ఒక భాషల ఉన్నది ఇంకో భాషల అచ్చం అట్లనే రాదు, పండితులు కూడా ఒప్పుకుంటరు. దైవం దయ్యమయింది, ఎవరన్న ఎవరినన్న శిక్షించిండ్రా. ఏవో రెండు మాటలు ఫ్యాను గాలికి పోయి ఉండొచ్చు.

నవాజ్ భాయ్ ఫైనల్ ఎగ్జిట్ రాసిండు. బుధవారం దమ్మాం నుంచి విమానం. ఇంతకంటే మేలైన పరిష్కారం లేదని అందరూ అంటున్నరు. జైలు తప్పింది. గనియుకు ఎట్లాగూ ఇంటికి పోవాలనే ఉండె. మోకాళ్లు కూడా. ఒక లెక్కన చూస్తే మూడు నెలలు ముందుగాల పంపినట్టే.

నోట్‌బుక్కు తిరిగి ఇయ్యొద్దని హన్మాండ్లన్న పట్టుపట్టిండు. బకెట్‌ల ఉప్పునీళ్లు కలిపి ముంచిండ్రు. గనియు తలుపుల నిలవడి చూసిండు. కాపీ ఏమన్న ఉన్నదా సార్ అని మెల్లగ అడిగిన. మొదటి రెండు అధ్యాయాలు పంపిండట. మిగతాది ఇదే. సిరా నీలంగ పైకి తేలింది. కాసేపటికి నీళ్లన్నీ ఒకటే రంగు.

అక్టోబర్ 5, ఆదివారం

టిక్కులు. గనియు పేరు ముందు ఏం పెట్టాల్నో అర్థం కాలేదు. ఖాళీ వదిలిన.

అక్టోబర్ 6, సోమవారం

భూమేషన్న స్తంభం కాడ కింద పడిపోయిండు. దవాఖానకు పోతనంటడా పోనంటడా అని చూడకుండ నవాజ్ భాయ్ బండిల వేసుకుపోయిండు. కిడ్నీల రాయి. చిన్నది, నీళ్లు తాగకపోతే వస్తది, మందులతోని పోతది, ఇకామాకు ఏమీ కాదని డాక్టరు చెప్పిండు. కాగితం మీద బొమ్మ కూడా ఉన్నది, రాయి చుట్టు గుండ్రంగ గీసి.

నేను ఆ కాగితం పట్టుకుని మెస్‌ల తిరిగిన. చూడుండ్రి, రాయి, ఉత్త రాయి, మంత్రం కాదు, నీళ్లు తాగలేదు అంతే. ఇంకా రెండు రోజులున్నయ్ గదా అనుకున్న.

హన్మాండ్లన్న బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

“రాయి సరే. రాయి ఎవలు పెట్టిండ్రు?”

అక్టోబర్ 7, మంగళవారం

నవాజ్ భాయ్ ఆఫీసు దాక రెండుసార్లు పోయిన. ఒకసారి ఫోన్‌ల ఉన్నడు. ఇంకోసారి ఖాళీగనే ఉన్నడు. ఏసీ రిమోటు ఉన్నదా భాయ్ అని అడిగి వచ్చిన.

అక్టోబర్ 8, బుధవారం

గనియు పోయిండు.

డ్రైవర్ గేటు కాడ హారన్ కొడుతున్నడు. ఒక్క సూట్‌కేసు, తాడుతోని కట్టింది. నేనే మోసిన. తెలుగోళ్లు ఎవరూ బయటికి రాలేదు, కిటికీలు మాత్రం మూసి లేవు. వ్యాసం మళ్ల రాస్తరా సార్ అని అడిగిన. ఈ ఏడు కాదన్నడు. బడిల ఆ జాగ వేరేవాళ్లకు ఇస్తరట, వాళ్లకూ ఆగడానికి లేదు. మళ్ల రాస్తే మాత్రం ఆ ‘కావచ్చు’ దగ్గరనే ఆపుతనన్నడు, అదొక్కటి ఆయనకు నోటికి వచ్చునట.

తర్వాత నా చెయ్యి పట్టుకున్నడు. స్తంభాలెక్కిన చెయ్యి, గరుకుగ ఉన్నది.

“నువ్వు చెప్పినవ్. గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ చెప్పినవ్, నేను చూసిన. వాళ్లు నమ్మకపోతే అది నీ పాపం కాదు, బ్రదర్. నీ ఉద్యోగం నిలిచింది, దేవునికి శుక్రియా.”

నేను ఏదో ఒక జోకు వేయాలె. ఎప్పుడూ వస్తయ్. రాలేదు. బండి ఎక్కి కిటికీ దించి, మీ అమ్మకు నా సలాం చెప్పు అని, మా అవ్వ పేరు పట్టి చెప్పిండు. గొంతు ఎక్కడ ఎత్తాల్నో అక్కడ ఎత్తి.

అక్టోబర్ 9, గురువారం

అవ్వకు ఫోన్ చేసిన. తిన్నవా అన్నది. తిన్న అన్న. సలాం చెప్పలేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

భూమేషన్న లేచి తిరుగుతున్నడు. గనియు పోయినంకనే నయమైందని క్యాంపంత అనుకుంటున్నది. నన్ను కూడా పొగుడుతున్నరు, ధైర్యంగ పక్కన నిలవడి మాట్లాడించినవురా అని. పన్నెండో నంబరోళ్లు నాకు బిర్యానీ పంపిండ్రు. తిన్న.

వారం రోజులనుంచి ఈ పుస్తకంల ఏదేదో రాస్తున్న. రాయి, ఉప్పునీళ్లు, తర్జుమా కష్టం. ఫైలు తెరుచుడు తప్పే, అది బద్ధకం. గూగుల్ అనుడు తప్పే, అది నా నోటిదూల. వాటికి ఎవ్వడూ పోయేవాడు కాదు. నేను నిజంగ చేసింది ఒక్కటే. రాస్త.

మెస్‌ల అందరూ కింద కూసున్నరు. భూమేషన్న కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నడు. పొద్దటి వరకు చెప్పాల్ననే అనుకున్న, అందరినీ చూసినంక నేను టైపు చేసిన ఆ కాగితం యాదికొచ్చింది. గనియు నాదిక్కు చూస్తున్నడు, నేను మొదలుపెడతనని. పెట్టలేదు. ఈ పేర్లు నీకు ఎవరు చెప్పిండ్రని నవాజ్ భాయ్ అడిగిండు, నేను అది ఇంగ్లీషుల అడిగిన. నాకు ధైర్యం చాలలేదని గనియుకు తెలిసిపోయినట్టున్నది. నా భుజం మీద చెయ్యి వేసి, నవాజ్ భాయ్ మొఖం చూసుకుంటనే, మెల్లగ, నిలిపి నిలిపి, నాకు సులువుగ ఉండాలని చిన్న చిన్న మాటలల్ల చెప్పిండు: ఈ పిల్లగాడు నాకు సాయం చేయడానికి తన దగ్గరున్న కాగితాలల్లనుంచి రాసి తెచ్చిండు. అందరినీ అడిగే ఓపిక లేక. చెడు తలపు లేదు. దయచేసి ఇతన్ని పనిలకెళ్లి తీసెయ్యకుండ్రి.

అందరూ నా నోటి దిక్కు చూసిండ్రు. నాకు ఉర్దూ బాగనే వస్తది. నేను తడబడలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పిన:

“ఈయనకు ఎవ్వరూ చెప్పలేదంట భాయ్. తనంతల తనకే తెలుసంట.”